త్రీడీ స్లైసర్: దవడ ఎముకల పనిలో కొన్నేళ్ల వాడకం తరువాత

త్రీడీ స్లైసర్ పేరెత్తగానే చాలామందికి గుర్తొచ్చేది తెర మీద గిరగిరా తిరిగే రంగుల పుర్రె బొమ్మ. ఒక దంతవైద్య కళాశాలలో ముఖ, దవడ శస్త్రచికిత్స విభాగం కోసం సీటీ స్కాన్ల నుంచి ఎముకల నమూనాలు తయారు చేస్తూ, కొన్నేళ్లుగా ఈ సాఫ్ట్‌వేర్‌తోనే పని చేస్తున్న నాకు మాత్రం ఆ బొమ్మ మీద పెద్దగా గురి లేదు. దాని పక్కనే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలతో కనిపించే మూడు బూడిదరంగు చిత్రాలే, అంటే తలను అడ్డంగా, పక్క నుంచి, ఎదుటి నుంచి కోసినట్టు చూపే స్లైస్‌లే ఇందులో నమ్మదగిన భాగం. త్రీడీ బొమ్మ ఆ స్లైస్‌ల మీద మనం తీసుకున్న నిర్ణయాల ఫలితం మాత్రమే.

ఇది 1998లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో, బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రికి చెందిన సర్జికల్ ప్లానింగ్ ప్రయోగశాల, ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాల కలిసి నడిపిన ఒక మాస్టర్స్ థీసిస్‌గా మొదలైంది. ఇవాళ తెర మీద బొమ్మలు గీసే పని వీటీకే, చిత్రాలను శుద్ధి చేసే పని ఐటీకే, కిటికీలు, మీటల పని క్యూటీ చూసుకుంటాయి. ఈ మూడూ ఓపెన్ సోర్సువే. స్లైసర్ లైసెన్సు బీఎస్‌డీ తరహాది కాబట్టి వ్యాపార అవసరాలకు వాడుకున్నా రుసుము లేదు. ఖరీదైన శస్త్రచికిత్సా ప్రణాళిక సాఫ్ట్‌వేర్లు కొనలేని విభాగాలకు ఇది చిన్న విషయం కాదు.

స్కాన్ కేంద్రం ఇచ్చిన సీడీని తెరవడంతోనే దీని తీరు అర్థమవుతుంది. ఫోల్డరును లాగి కిటికీలో వదిలితే డైకామ్ (వైద్య చిత్రాలను భద్రపరిచే ప్రామాణిక పద్ధతి) ఫైళ్లన్నిటినీ రోగి, పరీక్ష, సిరీస్ అనే వరుసలో పేర్చి, కంప్యూటర్‌లోనే ఉండే ఒక డేటాబేసులో నమోదు చేసుకుంటుంది. ఒకే పరీక్షలో నాలుగైదు సిరీస్‌లు ఉండటం మామూలే: మందపాటి స్లైస్‌లతో ఒకటి, మెత్తటి కణజాలానికి ఒకటి, ఎముకకు ఒకటి. నమూనా తయారీకి పనికొచ్చేది ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే పలుచని స్లైస్‌లున్న సిరీసే. 5 మిల్లీమీటర్ల స్లైస్‌ల నుంచి తీసిన దవడ మెట్లు మెట్లుగా వస్తుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. స్లైస్‌ల మధ్య దూరం సమానంగా లేకపోయినా, స్కానర్‌ను వంచి తీసినా స్లైసర్ హెచ్చరిస్తుంది, కోరితే ఆ వంపును సరిదిద్ది లోడు చేస్తుంది. అలాంటి లోపాన్ని మాట్లాడకుండా మింగేసి అందమైన బొమ్మ చేతిలో పెట్టే పరికరం కంటే, ముందే చెప్పి ఇబ్బంది పెట్టే ఈ పద్ధతే నాకు నచ్చింది.

రోజులో ఎక్కువ సమయం గడిచేది సెగ్మెంట్ ఎడిటర్‌లో, అంటే స్కాన్‌లో కావలసిన భాగానికి రంగు పూసి ఒక సెగ్మెంట్‌గా విడదీసే చోట. సీటీలో ప్రతి బిందువుకూ, అక్కడి పదార్థం ఎక్స్-రేను ఎంత అడ్డుకుంటుందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ విలువ ఒకటుంటుంది; నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, ఎముకకు కొన్ని వందల నుంచి పైకి. థ్రెషోల్డ్ అనే పనిముట్టులో కింది హద్దును 250 దగ్గర పెడితే ఎముకంతా క్షణంలో రంగు పూసుకుంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడితో పనైపోయిందనుకుంటారు. అప్పుడు కంటిగుంట అడుగు భాగాన్ని త్రీడీలో చూడండి: పెద్ద రంధ్రం కనిపిస్తుంది. ఆ ఎముక చాలా చోట్ల ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని పైన కంటి చుట్టూ ఉండే కొవ్వు, కింద సైనస్‌లోని గాలి ఉంటాయి. ఆ మూడూ ఒకే బిందువులో పడేసరికి సగటు విలువ 250 కిందికి దిగిపోతుంది, ఉన్న ఎముక లేనట్టు కనిపిస్తుంది. కంటిగుంట విరిగిందేమో తేల్చుకోవలసిన కేసులో ఈ రంధ్రం ఎంత దారి తప్పించగలదో వేరే చెప్పనక్కర్లేదు. ఎదుటి నుంచి కోసిన స్లైస్‌లో మాత్రం పలుచని బూడిద గీత స్పష్టంగా ఉంటుంది. షిఫ్ట్ మీట నొక్కిపట్టి మౌసును ఆ గీత మీదికి జరిపితే మిగతా కిటికీలన్నీ అదే బిందువుకు వచ్చి నిలబడతాయి. నేను అన్నిటికంటే ఎక్కువగా వాడే సౌకర్యం ఇదే. ఆ ఒక్క ప్రాంతంలో హద్దు తగ్గించి, కొన్ని స్లైస్‌ల మీద చేత్తో గీసి, మధ్యలో మిగిలినవాటిని సాఫ్ట్‌వేర్ చేతనే పూరింపజేస్తే గీత పలకగా మారుతుంది. ఎన్ని స్లైస్‌లు గీయాలి, హద్దు ఎంత తగ్గించాలి అన్నది మాత్రం మనిషే తేల్చుకోవాలి.

కింది దవడను విడదీసేటప్పుడు చిక్కు మరో రకంగా వస్తుంది. నోరు మూసుకుని తీసిన స్కాన్‌లో పై పళ్లు, కింది పళ్లు ఒకదానికొకటి ఆని ఉంటాయి కాబట్టి థ్రెషోల్డ్‌కు రెండు దవడలూ ఒకే ముద్ద. పంటిలో లోహపు ఫిల్లింగు గాని, తొడుగు గాని ఉంటే నక్షత్రంలా చిమ్మిన తెల్లటి చారలు చెంప దాకా పాకి, అవి కూడా ఎముకగానే లెక్కకొస్తాయి. పై దవడకు ఒక రంగు, కింది దవడకు ఒక రంగు, మిగతాదానికి మరో రంగు చొప్పున అక్కడక్కడా చుక్కలు పెట్టి, వాటి నుంచి పెంచుకుంటూ పొమ్మనే పద్ధతి ఇక్కడ బాగా పనిచేస్తుంది. కొనలు అరిగిన పళ్ల దగ్గరా, చారలున్న చోటా మాత్రం చివరి మెరుగు చేత్తో పెట్టవలసిందే.

పళ్ల కోసమే తయారైన డెంటల్‌సెగ్మెంటేటర్ వంటి ఎక్స్‌టెన్షన్లు (స్లైసర్‌కు విడిగా తగిలించుకునే అదనపు భాగాలు) వచ్చాక ఈ చాకిరీ చాలా తగ్గింది. పై దవడ, కింది దవడ, పై పళ్లు, కింది పళ్లు, కింది దవడలో నరం వెళ్లే కాలువ, వీటన్నిటినీ అది తనంతట తానే వేరుచేస్తుంది. శరీరమంతటి అవయవాలకు టోటల్‌సెగ్మెంటేటర్ ఉంది. మంచి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రంలో రెండూ ఓపికను పరీక్షిస్తాయి. టోటల్‌సెగ్మెంటేటర్‌లో వేగంగా నడిపే ఎంపిక ఉన్నా అది 3 మిల్లీమీటర్ల స్పష్టతతో పనిచేస్తుంది కనుక ముఖపు ఎముకలకు ఎందుకూ కొరగాదు. యంత్రం గీసిన హద్దును స్లైస్ మీద పరిశీలించకుండా త్రీడీ ముద్రణకు పంపకూడదన్నది మా విభాగంలో మినహాయింపు లేని నియమం.

ఇక్కడే ఒక మెలిక చెప్పాలి. సెగ్మెంట్‌ను త్రీడీలో చూపించే మీట నొక్కినప్పుడు స్లైసర్ దాని ఉపరితలాన్ని కొంత నునుపు చేస్తుంది. ఆ విలువ మొదట 0.5గా ఉంటుంది. స్లైస్‌ల మీద కనిపించే రంగు నునుపు చేయకముందుది, త్రీడీ ముద్రణకు వాడే ఎస్‌టీఎల్ ఫైలుగా బయటికి వెళ్లేది నునుపు చేసినది. పలుచని పలకల దగ్గర ఈ తేడా తెలిసిపోతుంది. సెగ్మెంటేషన్స్ మాడ్యూల్‌లో స్లైస్‌ల మీద కూడా ఉపరితలాన్నే చూపించేలా మార్చుకుంటే, ముద్రణకు వెళ్లబోయే అంచు అసలు ఎముక అంచు మీద కూర్చుందో లేదో కంటితోనే తేలిపోతుంది. ఇంత ముఖ్యమైన ఎంపికను మూడు మడతల లోపల దాచిపెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

దిక్కుల సంగతీ అంతే. స్లైసర్ లోపల కుడి, ముందు, పై దిశలను ధనాత్మకంగా తీసుకుంటుంది. డైకామ్ మాత్రం ఎడమ, వెనుక, పై దిశలను తీసుకుంటుంది. ఈ మధ్యకాలపు వెర్షన్లు ఎస్‌టీఎల్‌ను మామూలుగా రెండో పద్ధతిలోనే భద్రపరుస్తాయి. ఒక ఫైలు ఒక పద్ధతిలో, దానికి జతగా వచ్చిన మరో ఫైలు ఇంకో పద్ధతిలో ఉంటే, వేరే సాఫ్ట్‌వేర్‌లో ఒకటి నిలువు ఇరుసు చుట్టూ అర్ధవృత్తం తిరిగి కూర్చుంటుంది. ఎస్‌టీఎల్‌లో కొలమానం పేరు కూడా ఉండదు, అంకెలే ఉంటాయి. వాటిని మిల్లీమీటర్లుగా చదవమని ముద్రించేవారికి చెప్పాలి.

పైథాన్ తెలిసినవారికి ఇందులో మరో అంతస్తు ఉంది. కన్సోల్‌లో ఒక్క పంక్తి రాస్తే స్కాన్ మొత్తం నమ్‌పై (పైథాన్‌లో అంకెల పట్టికలతో పనిచేసే లైబ్రరీ) శ్రేణిగా చేతికి వస్తుంది; అందులో మొదటి సూచిక స్లైస్‌ది, చివరిది నిలువు వరుసది అని గుర్తుంచుకుంటే చాలు. వరుసగా ఎన్నో స్కాన్ల నుంచి ఎముక ఘనపరిమాణాలు లెక్కించే పరిశోధనలకు మీటలు నొక్కుతూ కూర్చోవడం కంటే ఇదే మేలు.

ఇబ్బందులు లేకపోలేదు. సేవ్ కిటికీ తెరిస్తే ఏది స్కానో, ఏది దృశ్యమో తెలియని ఫైళ్ల జాబితా ఒకటి మీద పడుతుంది; అన్నిటినీ కలిపి ఎంఆర్‌బీ అనే ఒకే ఫైలు మూటగా భద్రపరచుకోవడమే తేలిక. సెగ్మెంట్ ఎడిటర్‌లో చేసిన మార్పును వెనక్కి తీసుకోవచ్చు గాని, మిగతా సాఫ్ట్‌వేర్ అంతటికీ ఆ వెసులుబాటు లేదు. కొత్త వెర్షన్ వేసుకున్న ప్రతిసారీ ఎక్స్‌టెన్షన్లను మళ్లీ దించుకోవాలి, అందువల్ల ఒక కేసు నడుస్తుండగా వెర్షన్ మార్చకపోవడం మంచిది. ఇక మెమరీ: 512 చుక్కల నిడివి, వెడల్పు గల స్లైస్‌లు 500 ఉన్న సీటీ దాదాపు 250 మెగాబైట్లు, లోడు చేసే డేటాకు పది రెట్లు మెమరీ ఉంచుకోమని స్లైసర్ పత్రాలే సలహా ఇస్తాయి. తల మొత్తం అక్కర్లేనప్పుడు క్రాప్ వాల్యూమ్‌తో దవడ భాగాన్ని కత్తిరించుకుంటే పాత ల్యాప్‌టాప్ కూడా నెట్టుకొస్తుంది.

స్లైసర్ పరిశోధన కోసం ఇచ్చిన సాఫ్ట్‌వేర్. చికిత్సకు వాడే పరికరంగా దానికి అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. మన దేశంలోనూ 2020 ఏప్రిల్ నుంచి రోగ నిర్ధారణకు, చికిత్సకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ వైద్య పరికరాల నిర్వచనం కిందికి వచ్చింది. అందుకే మేము తయారు చేసే నమూనాలు విద్యార్థులకు బోధించడానికి, శస్త్రచికిత్సకు ముందు చర్చించుకోవడానికి పరిమితం. రోగి శరీరంలో అమర్చే పలకల రూపకల్పన వాటి మీద ఆధారపడదు.

స్కాన్ తెరిచి చూసుకోవడమే మీ అవసరమైతే దీని బరువు మోయనక్కర్లేదు, మామూలు డైకామ్ వ్యూయర్ చాలు. కేవలం హద్దులు గీసుకునే పనికి ఐటీకే-స్నాప్ ఇంతకంటే తేలిక. స్కాన్ నుంచి నేరుగా ముద్రణ నమూనా దాకా తక్కువ మెట్లతో వెళ్లాలంటే బ్రెజిల్‌లో పుట్టిన ఇన్‌వెసాలియస్ ఉంది. గాలి ప్రవాహం, ఒత్తిడి వంటి అనుకరణల ఫలితాలను చూడటానికైతే అదే వీటీకే మీద నిలిచిన పారావ్యూ సరైనది. ఒకే స్కాన్ మీద కొలతలు, హద్దులు, ఉపరితలం, పైథాన్ అన్నీ ఒక చోట కావలసినవారు స్లైసర్ స్థిరమైన వెర్షన్‌ను దించుకుని, సొంత కేసుల జోలికి పోకముందు సాంపుల్ డేటా మాడ్యూల్‌లో ఉన్న స్కాన్ల మీద థ్రెషోల్డ్ హద్దును కాస్త పైకీ కిందికీ జరుపుతూ, స్లైస్‌లో ఏ అంచు ఎంత కదులుతోందో గమనించడంతో మొదలుపెట్టవచ్చు.