నా రన్నింగ్ వెస్ట్: 50 కిలోమీటర్ల తర్వాత

మాదాపూర్‌లో ఒక స్పోర్ట్స్ షాపులో ఈ వెస్ట్ (పరిగెత్తేటప్పుడు నీళ్లు, తిండి పెట్టుకోవడానికి జేబులున్న చేతుల్లేని జాకెట్ లాంటిది) కొని నాలుగు నెలలైంది. ఖాజాగూడ బండల మీద వారానికి రెండు రోజులు, అనంతగిరి అడవిలో ఒకసారి 50 కిలోమీటర్లు దీనితోనే పరిగెత్తాను.

ఛాతీ మీద రెండు మెత్తటి సీసాలు, ఒక్కోటి 500 మి.లీ. నీళ్లు తగ్గేకొద్దీ సీసా ముడుచుకుపోతుంది, గలగలమనదు. చిన్న విషయమే అనిపిస్తుంది, కానీ ఆరు గంటలు అదే చప్పుడు వింటే మనసు విసిగిపోతుంది. ఒక దాంట్లో ఉత్త నీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు, నిమ్మరసం, కాస్త బెల్లం పోసుకుంటాను. ఎండ భయంతో ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. దాహం వేసినంతే తాగాలి.

38వ కిలోమీటరు దిగుడులో తొడలు రాయిలా బిగుసుకున్నాయి. ఎక్కడం కన్నా దిగడమే కండరాలను ఎక్కువ దెబ్బతీస్తుంది. ఇక నా వల్ల కాదు, ఆపేద్దాం అనుకున్నాను. అప్పుడు ముందు జేబులో అమ్మ చేసిన నువ్వుల ఉండ చేతికి తగిలింది. ఆగకుండానే తీసుకుని తిన్నాను. కాసేపటికి బుర్ర తేలికపడింది. ఆ జేబు వీపు వైపు ఉండుంటే నేను కూర్చుండిపోయేవాణ్ణి. కూర్చుంటే మళ్లీ లేవడం చాలా కష్టం.

లోపం ఒకటుంది. కుడి చంక కింద కుట్టు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. ఇప్పుడు ముందే వాజలీన్ రాసుకుంటున్నాను. వెనక జేబులో ఫోన్ చెమటకు తడుస్తుంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. కొనేముందు సీసాల్లో నీళ్లు నింపించి, వేసుకుని, షాపులోనే నాలుగు గెంతులు గెంతి చూడండి.