మదర్‌బోర్డ్ పోలేదు, పోయింది హార్డ్ డిస్క్: సీటీసీలో నా ల్యాప్‌టాప్ బాగుచేసిన షాపు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని సీటీసీ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. అందులో ల్యాప్‌టాప్ రిపేర్ షాపులు వరసగా ఉంటాయి. బయట నిలబడి చూస్తే ఏది మంచిదో పోల్చుకోవడం కష్టం. అందుకే ఈ షాపు గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. వీళ్లు ముందు మెషీన్ చూస్తారు, మనకీ చూపిస్తారు, ఆ తర్వాతే డబ్బు మాట ఎత్తుతారు. ఇప్పుడు దొరకనిది అదే.

నాది డీటీపీ పని. తెలుగు పుస్తకాలకు పేజీలు కడతాను. ఎక్కువ పని పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో. కొందరు రచయితలు ఫోన్‌లోనే యూనికోడ్‌లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపిస్తారు. దాన్ని అనులోకి మార్చి, ఎగిరిపోయిన ఒత్తులు సరిచేసి, పేజీలు కట్టి ప్రెస్సుకి ఇవ్వాలి. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఉంటుంది కాబట్టి, ఆలోపు పుస్తకం చేతికి రావాలని నవంబర్‌లో అందరూ ఒకేసారి మీద పడతారు. సరిగ్గా ఆ సమయంలో ల్యాప్‌టాప్ మొరాయించింది.

2018లో కొన్న మెషీన్. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10కి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నా దగ్గర అచ్చు కాని పుస్తకాలుంటాయి. ఒకరి పదేళ్ల కష్టం ఒక్క ఫోల్డర్‌లో ఉంటుంది. అలాంటి మెషీన్‌ని అప్‌డేట్లు లేకుండా నెట్‌లో ఉంచడం నాకు ఇష్టం లేదు. ఎనిమిదో తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11కి అర్హత ఉంది, విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో టీపీఎం అనే భద్రతా సదుపాయం ఆన్ చేస్తే సరిపోయింది. అప్‌గ్రేడ్ ఏ అడ్డంకీ లేకుండా పూర్తయింది. తిప్పలన్నీ ఆ తర్వాతే.

ఆన్ చేస్తే డెస్క్‌టాప్ కనబడుతుంది కానీ, ఐదు నిమిషాల దాకా ఏది నొక్కినా పలకదు. ఫోల్డర్ తెరిస్తే అది లోడ్ అవుతూనే ఉంటుంది. పేజ్‌మేకర్‌లో టెక్స్ట్ పేస్ట్ చేస్తే స్క్రీన్ తెల్లబడి, 'నాట్ రెస్పాండింగ్' అని వస్తుంది. సేవ్ అయిందో లేదో తెలియక ఒకటే టెన్షన్. మొదటి వారం పోనీలే అనుకున్నాను, రెండో వారం కూడా అదే తంతు. ఇంటి దగ్గరున్న ఒక షాపుకి తీసుకెళ్తే, మూత కూడా తీయకుండానే మదర్‌బోర్డ్ వీక్ అయిందన్నారు. కొత్తది కొనుక్కోమని చెప్పి, పోనీ ప్రస్తుతానికి ఉండనివ్వండంటూ ఏదో క్లీనర్ సాఫ్ట్‌వేర్, ఒక ట్రయల్ యాంటీవైరస్ వేసి పంపించారు. దాంతో ఇంకా నెమ్మదించింది. మా ప్రెస్సు ఆయన ఈ షాపు పేరు చెబితే, ప్యారడైజ్ మెట్రోలో దిగి ఆటోలో వెళ్లాను.

షాపు చాలా చిన్నది. కౌంటర్ వెనక పెద్దాయన, పక్కన బల్ల మీద మూతలు తీసిన ల్యాప్‌టాప్‌లతో ఒక అబ్బాయి. నాకు అక్కడే నమ్మకం కుదిరింది, ఎందుకంటే ఆ అబ్బాయి స్క్రూడ్రైవర్ తీయలేదు, ముందు ప్రశ్నలు అడిగాడు. అప్‌గ్రేడ్ అయి ఎన్నాళ్లయింది, అంతకుముందు ఎలా ఉండేది, ఆన్ చేసిన కొత్తలోనే స్లోనా, రోజంతా స్లోనా, పని చేసేటప్పుడు లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోందా. పిన్ చెప్పబోతే వద్దని, ల్యాప్‌టాప్ నావైపు తిప్పి నన్నే కొట్టమన్నాడు.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాడు. ఏమీ చేయకుండా ఇద్దరం కాసేపు అలా చూస్తూ ఉన్నాం. సీపీయూ పది, పన్నెండు శాతం దగ్గర ఆడుతోంది. మెమరీ అరవైకి కాస్త పైన. డిస్క్ మాత్రం 100 శాతం. దాని మీద నొక్కి గ్రాఫ్ తెరిచాడు. డిస్క్ క్షణం తీరిక లేకుండా పనిచేస్తోంది కానీ, చదువుతున్నది సెకనుకి 2 ఎంబీ కూడా లేదు. డిస్క్‌ని ఏదైనా అడిగితే ఒక్కోదానికి జవాబు రావడానికి రెండు వేల మిల్లీసెకండ్లు, అంటే రెండు సెకండ్లు పడుతోంది. "మదర్‌బోర్డ్ మంచిగనే ఉంది అక్కా. డిస్కే సతాయిస్తుంది" అన్నాడు.

అంతటితో వదల్లేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ నడిపి చూపించాడు. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు కొన్ని ఉంటాయి, వాటిని స్మార్ట్ డేటా అంటారు. ఈ ప్రోగ్రామ్ వాటిని చదివి చూపిస్తుంది. మామూలుగా నీలం రంగులో 'గుడ్' అని ఉండాల్సిన చోట పసుపు రంగులో 'కాషన్' అని ఉంది. చెడిపోయిన చోట్లను పక్కన పెట్టి వేరే చోటికి మార్చిన సెక్టార్లు కొన్ని, చదవడానికి కుదరక అనుమానంలో పెట్టినవి ఇంకొన్ని.

మరి ఇదే డిస్క్ మీద విండోస్ 10 నడిచింది కదా అని అడిగాను. దానికి ఆ అబ్బాయి చెప్పిన జవాబు ఏ కంపెనీ హెల్ప్ పేజీలోనూ నాకు ఇంత తేలిగ్గా అర్థం కాలేదు. ఈ డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. దాని మీద ఒక చిన్న సూది లాంటిది అటూ ఇటూ కదిలి చదవాలి. ఒకేచోట వరసగా ఉన్న పెద్ద ఫైల్ అయితే సెకనుకి వంద ఎంబీ దాకా లాగేస్తుంది. చిన్న చిన్న ముక్కలు వంద చోట్ల ఉంటే మాత్రం దాని సమయమంతా వెతకడానికే పోతుంది. అప్‌గ్రేడ్ అయ్యాక సిస్టమ్ ఫైళ్లన్నీ కొత్త చోట్ల పడతాయి. సెర్చ్ కోసం మొత్తం ఫైళ్లను మళ్లీ ఇండెక్స్ చేస్తుంది, యాంటీవైరస్ అన్నిటినీ మళ్లీ తనిఖీ చేస్తుంది, క్లౌడ్‌లోకి ఫోటోలు, ఫైళ్లు ఎక్కుతుంటాయి. ఇవన్నీ చిన్న ముక్కల పనులే. డిస్క్ బాగుంటే కొన్ని రోజులు చార్జర్ పెట్టి రాత్రంతా ఆన్‌లో వదిలేస్తే అన్నీ ముగిసి సర్దుకుంటుంది. నా డిస్క్‌లో చదవలేని చోట్లు ఉన్నాయి కాబట్టి, ఒకే ముక్క కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ అక్కడే ఆగిపోతోంది.

మళ్లీ 10కే మార్చేయమని అడిగాను. వెనక్కి వెళ్లే వీలు మామూలుగా పది రోజులే ఉంటుందట, అది దాటిపోయింది. ఫార్మాట్ కొట్టి 10 వేసినా డిస్క్ జబ్బు అలాగే ఉంటుంది కదా అన్నాడు, నిజమే.

నాకు అసలు భయం ఫార్మాట్ గురించే. పేజ్‌మేకర్, అను, ఏళ్ల తరబడి పోగేసుకున్న ఫాంట్లు, వాటి సెట్టింగులు, కీబోర్డ్ లేఔట్ అన్నీ మళ్లీ వేయాలంటే పాత సీడీలు వెతకాలి. అన్నీ దొరికినా పేజీలు ముందున్నట్టే వస్తాయని నమ్మకం లేదు. ఒక్క ఫాంట్ వెర్షన్ మారినా లైన్లు జరిగిపోతాయి, రెండు వందల పేజీల పుస్తకంలో విషయసూచిక దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఈ మాట చెబితే ఆ అబ్బాయి విసుక్కోలేదు. "ఫార్మాట్ అవసరం లేదక్కా, ఉన్నది ఉన్నట్టు క్లోన్ చేస్తా. ముందుగాల మీ పని ఫైళ్లు వేరే దాంట్ల తీసి పెడ్తా, అవి వచ్చినయని మీరు చూసుకున్నంకనే క్లోన్ మొదలువెడ్తా" అన్నాడు. ఈ క్రమం చాలా ముఖ్యం. పాడవుతున్న డిస్క్‌ని గంటల తరబడి క్లోనింగ్‌లో పెడితే మధ్యలోనే పోవచ్చు. నేను తెచ్చుకున్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి పుస్తకాల ఫోల్డర్ కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు నాచేత తెరిపించి చూపించాడు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా ముందే చూసుకున్నాడు, ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోవాలట. నా దాంట్లో లేదు.

ఆ తర్వాత మూత తీశాడు. లోపల ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, పెట్టుకునే ఎం.2 స్లాట్ ఒకటి ఖాళీగా ఉంది. ఎప్పటి నుంచో నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది, కొన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు. కొన్ని మోడళ్లలో ఆ స్లాట్ సాటా రకం ఎస్ఎస్‌డీలనే తీసుకుంటుందని, కొన్నిట్లో అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం కూడా పనిచేస్తుందని, చూడకుండా ఆన్‌లైన్‌లో కొని తెచ్చుకుని ఇబ్బంది పడేవాళ్లు చాలామంది అని చెప్పాడు. నాది ఎన్‌వీఎంఈ తీసుకుంటుంది. 512 జీబీది వేయించుకున్నాను. పాత డిస్క్‌లో వాడింది సగం కంటే తక్కువే కాబట్టి అంతా అందులో పట్టేసింది.

ర్యామ్ కూడా పెంచమన్నాను. ఇక్కడే ఈ షాపు మీద గౌరవం పెరిగింది. పేజ్‌మేకర్, ఫోటోషాప్, బ్రౌజర్ మూడూ తెరిపించి మెమరీ ఎంత వాడుతుందో చూపించి, మీ పనికి 8 జీబీ నడుస్తుంది, ర్యామ్ రేట్లు ఇప్పుడు బాగా పెరిగాయి, ఇప్పుడే తొందర వద్దన్నారు కౌంటర్ దగ్గరున్న పెద్దాయన. ఆ సమయంలో డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు నిజంగానే మండిపోతున్నాయి. అమ్ముకోవాలనుకుంటే నేను కాదనేదాన్ని కాదు.

ట్రయల్ యాంటీవైరస్, క్లీనర్ రెండూ తీసేశారు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలన్నారు. స్టార్టప్‌లో అనవసరంగా లేచేవాటిని ఆపారు, ఫ్యాన్ దుమ్ము దులిపారు. పాత హార్డ్ డిస్క్‌ని కవర్‌లో పెట్టి నా చేతికే ఇచ్చారు. నేను అడగకముందే ఇచ్చారు. ఇంకొకరి రాతలు దాచుకునే పనిలో ఉన్నవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో చెప్పలేను.

ఫలితం చెప్పాలి. ఇప్పుడు ఆన్ చేస్తే ఇరవై సెకండ్లలోపే పనికి సిద్ధం. అను, పేజ్‌మేకర్ ఎక్కడివక్కడ ఉన్నాయి, ఒక్క లైన్ జరగలేదు. విండోస్ యాక్టివేషన్ కూడా మళ్లీ అడగలేదు. అయితే అన్నీ వేగం కాలేదు. నాలుగు వందల పేజీల పుస్తకాన్ని పీడీఎఫ్ చేసేటప్పుడు పాత సమయానికి కాస్త తక్కువ పడుతోంది, అంతే. అక్కడ పని ప్రాసెసర్‌ది, ఎస్ఎస్‌డీ వేస్తే అది మారదు. ఈ మాట కూడా వాళ్లు ముందే చెప్పారు. నవంబర్ పుస్తకాలన్నీ ఈ మెషీన్ మీదే పూర్తిచేసి బుక్ ఫెయిర్‌కి అందించాను.

ఎస్ఎస్‌డీకి 4,100, క్లోనింగ్, క్లీనింగ్ కలిపి 900 తీసుకున్నారు. అదే ఎస్ఎస్‌డీ ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలు తక్కువకు కనిపించింది. నా వరకైతే ఆ తేడా ఇవ్వడం నాకు సమ్మతమే, స్లాట్ ఏదో చూసి సరైనది పెట్టారు కదా.

బాగోలేనివి కూడా ఉన్నాయి. ఆరింటికి ఇస్తామని ఎనిమిది దాటాక ఇచ్చారు, మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తలేదు. కూర్చోవడానికి ఒకే స్టూలు, పెద్దవాళ్లకి కష్టం. సీటీసీ దగ్గర పార్కింగ్ సంగతి తెలిసిందే, సాయంత్రం బండి మీద వెళ్లకపోవడమే మంచిది. అన్నిటికంటే నాకు నచ్చనిది, బిల్లు అడిగితే గానీ ఇవ్వలేదు. ఇంత నిజాయితీగా పనిచేసేవాళ్లు ఆ ఒక్కటి కూడా అడగకుండా ఇస్తే బాగుంటుంది.

విండోస్ 11 వేశాక స్లో అయిందని బాధపడేవాళ్లు షాపుకి వెళ్లేముందు ఇంట్లోనే టాస్క్ మేనేజర్ తెరిచి ఒకసారి చూడండి. కొత్తగా అప్‌గ్రేడ్ అయితే కొన్ని రోజులు ఆగండి. రెండు వారాలైనా, ఏమీ చేయనప్పుడు కూడా డిస్క్ 100 దగ్గరే ఉంటే, మీది తిరిగే హార్డ్ డిస్క్ అయితే, దాదాపుగా ఇదే కథ. డిస్క్‌కి పెద్దగా పని లేకుండా మెమరీ 90 శాతం దాటుతుంటే అప్పుడు ర్యామ్ గురించి ఆలోచించాలి. ఏదైనా సరే, ముందు ఫైళ్లు వేరే చోట కాపీ చేసుకోండి. టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా నేరుగా తీసుకెళ్లండి.

ఈ షాపుకి వెళ్లేవాళ్లు ఉదయం పదకొండున్నర లోపు వెళ్తే రద్దీ ఉండదు, ఆ రోజే పని అయిపోతుంది. చార్జర్, ఖాళీ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ వెంట తీసుకెళ్లండి. ఎస్ఎస్‌డీ సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకోండి, వారంటీ కావాలంటే అదే చూపించాలి. ఆదివారం తీయరు.