గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి గుర్రం: జీను ఎత్తి చూశాకే ఎక్కండి

రేటింగ్: ఎక్కడానికి 5కి 2.5. దిగడానికి 1.

గుర్రం అని అందరూ అంటారు గానీ గౌరీకుండ్‌లో మీ ముందుకొచ్చేది ఎక్కువగా కంచర గాడిదే. సుమారు 1,980 మీటర్ల ఎత్తున బయల్దేరి 3,580 మీటర్ల దాకా, 16 కిలోమీటర్లకు పైగా ఎక్కాలి. 2013 వరదకు రాంబాడా దగ్గర పాత దారి కొట్టుకుపోయింది. తర్వాత వేసిన దారి ఇంకా నిటారు.

ప్రీపెయిడ్ కౌంటర్ ఏర్పాటు బాగానే ఉంది. రేటు ముందే ఖరారు చేస్తారు, చీటీ ఇస్తారు. జంతువుకి రిజిస్ట్రేషన్, బీమా, ఆరోగ్య పరీక్ష ఉండాలి, రోజుకు ఒక్క ట్రిప్పే తిప్పాలి. 2022 సీజన్లో ఈ జంతువులు పెద్ద సంఖ్యలో చనిపోయాక వచ్చిన ఒత్తిడితో కొన్ని మార్పులు జరిగాయి. అయితే కౌంటర్లో చూసేది కాగితాలు. ఈ పొద్దున దాని వీపు ఎలా ఉందో కాగితం చెప్పదు.

అందుకే ఎక్కే ముందు "జీన్ ఉఠాకే దిఖావో" (జీను ఎత్తి చూపించు) అనండి. జీను కింద, గోనెసంచిలో గడ్డి గానీ పాత గుడ్డలు గానీ కుక్కిన మెత్త ఉంటుంది. వాడగా వాడగా అది అణిగిపోయి, జీను చట్రం నేరుగా మూపు (మెడ, వీపు కలిసే ఎత్తైన చోటు) మీద, వెన్నెముక మీద కూర్చుంటుంది. పుండ్లు మొదలయ్యేది అక్కడే. మనిషి కూర్చున్న తర్వాత కూడా మూపుకీ జీను వంపుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. ఇది మన మంచితనానికి వదిలేసిన విషయం కాదు, జీను మూపుకి తగలకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. వీపు మీద తెల్లవెంట్రుకల మచ్చలుంటే పాత గాయాలు మానినట్టు. తడిగా, వాసనగా ఉన్నా, వెన్ను పొడవునా వేళ్లతో నొక్కితే వీపు కుంగదీసుకున్నా ఆ జంతువు వద్దు. మెత్త తడిగా ఉన్నా వద్దు. చెమట ఉప్పు ఎండి గరుకెక్కితే అది చర్మాన్ని గీరేస్తుంది.

ముందు కాళ్ల వెనక పొట్టపట్టీ ఒరిపిడి, తోక కింద తాడు కోసిన గుర్తు కూడా చూడండి. ఎక్కేటప్పుడు జీను వెనక్కి జారకుండా ఛాతీ పట్టీ, దిగేటప్పుడు ముందుకి జారకుండా తోక తాడు ఆపుతాయి. ఆ తాడు సన్నటి నైలాన్‌దైతే చర్మం తెగుతుంది. తర్వాత పది అడుగులు నడిపించమనండి. ముందు కాలు నేలకి ఆనినప్పుడల్లా తల పైకి ఎగిరితే ఆ కాలు నొప్పిగా ఉన్నట్టు. ముక్కు నుంచి చిక్కటి పసుపు చీమిడి, దగ్గు ఉంటే దగ్గరికే వెళ్లకండి. అది గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగం కావచ్చు, మనుషులకీ అంటుకుంటుంది. 2025 మే మొదటి వారంలో జంతువుల మరణాలు, గుర్రాల ఇన్‌ఫ్లుయెంజా భయంతో ఈ సవారీనే కొన్నాళ్లు ఆపేశారు.

ఇక బరువు. అవే 1965 నిబంధనల్లో మోత పరిమితి గాడిదకి 50 కిలోలు, పోనీకి 70, కంచర గాడిదకి 200. ఈ 200 చూసి ధైర్యపడకండి. రెండు పక్కలా సమంగా కట్టిన మూట కదలదు, మనిషి ఊగుతాడు. సవారీకి నిపుణులు వాడే లెక్క జంతువు బరువులో ఐదోవంతు, అదీ జీనుతో కలిపి. జంతువు బరువుని టేపు కొలతలతో అంచనా కట్టొచ్చు. ఛాతీ చుట్టుకొలత 150 సెం.మీ., భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా పొడవు 140 సెం.మీ. అనుకుందాం. 150×150×140ని 11,880తో భాగిస్తే దాదాపు 265 కిలోలు. ఐదోవంతు 53. మనలో చాలామంది టిఫిన్ చేయకముందే ఆ గీత దాటేస్తాం! 60 కిలోలు దాటినవాళ్లు పెద్ద జంతువునే అడగండి, దారి చదునుగా ఉన్నచోట దిగి నడవండి. 80 దాటితే డోలీయో హెలికాప్టరో చూసుకోండి. మీ సంచి జీనుకి వేలాడదీయకండి.

అసలు ప్రాణం తీసేది చాలాసార్లు నీళ్లు చాలకపోవడమే. ఎండు భూసా (గడ్డి పొట్టు), శనగలు తిని, మంచునీళ్లు తాగలేక వదిలేస్తే మేత పేగులో గట్టిపడి శూల (తీవ్రమైన కడుపునొప్పి) వస్తుంది. పదేపదే డొక్క వైపు తల తిప్పడం, కాలితో నేల గీరడం, చల్లటి గాలిలోనూ చెమట పట్టడం, పేడ వేయకపోవడం దాని గుర్తులు. అలా కనబడితే వెంటనే దిగి పశువైద్య శిబిరానికి కబురు చేయించండి. వేడెక్కిన జంతువుకి నీళ్లిస్తే శూల వస్తుందని నడిపేవాళ్లు కొందరు భయపడతారు. ఐదు నిమిషాలు ఆగి కొద్దికొద్దిగా ఇస్తే ఏం కాదు. గోరువెచ్చటి నీళ్ల తొట్లు ఈ సేవలో వచ్చిన మంచి మార్పు. జంగల్ చట్టీ, భీంబలి, లించోలీల దగ్గర ఆగి "పానీ పిలావో" (నీళ్లు తాగించు) అనండి, తాగిందో లేదో మీ కళ్లతో చూడండి. నడిపించే కుర్రాడు తరచూ యజమాని కాదు, కూలీ. తొందరపెట్టేది అతని బుద్ధి కాదు, ట్రిప్పు లెక్క. మీరే ఆలస్యం అడిగితే అతనికీ సాకు దొరుకుతుంది.

దిగుడుకి 1 ఎందుకంటే, వాలులో మీ బరువంతా ముందు కాళ్ల మీద పడుతుంది. తడిసిన రాళ్ల మీద అరిగిన నాడా జారుతుంది. డెక్క ఎత్తించి చూస్తే మేకుల తలలు నాడాతో సమానంగా అరిగిపోయి ఉంటాయి చాలావాటికి. మోకాళ్లు మరీ మొండికేస్తే తప్ప కర్ర పట్టుకుని నడిచి దిగండి. రెండో రోజు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం దాటేసరికి గౌరీకుండ్ చేరొచ్చు.