‘ఇయాస్’ పేరు కోసం కొన్న నివేదిక: ఇచ్చిన సొమ్ముకు ఏం దక్కింది?

మా తమ్ముడికి కొడుకు పుట్టిన వారంలో అనుకున్న పేర్లన్నీ ఒక్కొక్కటిగా పక్కకు పోయి, చివరికి ‘ఇయాస్’ అనే అరబ్బీ పేరు ఒక్కటే మిగిలింది. వినడానికి ఆయాసంలా ఉందని మా అమ్మ నవ్వింది. ‘యాస్’ అంటే నిరాశ కదా, పసివాడికి అలాంటి పేరెందుకని మరదలి వైపు పెద్దాయన ఒకరు నొచ్చుకున్నారు. “అక్కా, నువ్వే ఏదో ఒకటి తేల్చు” అని తమ్ముడు బాధ్యత నా మీద పెట్టాడు. పేర్ల అర్థాలు చెప్పే ఒక మొబైల్ యాప్‌లో ఒక్క వాక్యం అర్థం ఉచితంగా, అర్థం, మూలం, ప్రజాదరణ కలిపిన ‘పూర్తి నివేదిక’ రుసుముకు దొరుకుతాయని తెలిసి, ఆ నివేదిక కొన్నాను. ఈ సమీక్ష దాని గురించే.

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను. పేరును అరబ్బీ లిపిలో తప్పు లేకుండా, మొదటి అక్షరమైన అలిఫ్ కింద ఉండే హంజా అనే చిన్న గుర్తుతో సహా ముద్రించారు. ఇలాంటి చోట్ల ఆ గుర్తును వదిలేయడమే ఎక్కువగా చూస్తాం. ఉచ్చారణ వినిపించే సౌకర్యం కూడా బాగుంది. ‘ఇ’ హ్రస్వంగా, ‘యా’ దీర్ఘంగా, చివరి ‘స్’ తేలికగా పలికిన ఆ గొంతు అరబ్బీ మాతృభాషగా ఉన్నవారిదేనని వినగానే తెలుస్తుంది. తమ్ముడు దాన్ని అమ్మకు నాలుగుసార్లు వినిపించిన తర్వాత ఆయాసం మాట మళ్లీ రాలేదు.

అసలు చిక్కంతా అర్థం దగ్గర వచ్చింది. ‘తెలివైనవాడు’, ‘యెహోవాయే నా దేవుడు’, ‘బహుమతి’ అనే మూడు అర్థాలను, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా, మూడూ సమానమే అన్నట్టు కామాలు పెట్టి వరుసగా రాశారు. వీటిలో రెండోది ఈ పేరుకు చెందనే చెందదు. అది హీబ్రూ మూలం గల ఇల్యాస్, అంటే ఏలీయా ప్రవక్త పేరుకు ఉన్న అర్థం. రెండు పేర్లకూ వినికిడిలో కొంత పోలిక ఉన్నా, మధ్యలో ‘లామ్’ అక్షరం ఉన్నదీ లేనిదీ ఒకటి కావు. ఈ పొరపాటు అక్కడితో ఆగలేదు. నివేదికలో ‘ఖురాన్‌లో వచ్చిన పేరు’ అన్న గడిలో టిక్కు కూడా పెట్టారు. ఖురాన్ 6వ అధ్యాయం 85వ వాక్యంలోనూ, 37వ అధ్యాయం 123వ వాక్యంలోనూ కనిపించేది ఇల్యాస్. ఇయాస్ అందులో లేదు. ఖురాన్‌లో ఉన్న పేరే పెట్టాలని పట్టుదల గల కుటుంబం ఈ టిక్కును నమ్మి పేరు పెట్టేస్తే, ఆ తర్వాత సంజాయిషీ ఎవరు చెప్పాలి?

‘తెలివైనవాడు’ అన్నది అర్థం కాదు, ఒక మనిషికి దక్కిన కీర్తి. 717 నుంచి 720 వరకు ఖలీఫాగా ఉన్న ఉమర్ ఇబ్న్ అబ్దుల్ అజీజ్ కాలంలో ఇరాక్‌లోని బస్రా నగరానికి ఖాజీగా, అంటే న్యాయాధికారిగా పనిచేసిన ఇయాస్ ఇబ్న్ ముఆవియా చురుకైన బుద్ధికి అరబ్బుల నోట సామెతగా నిలిచాడు. ఆయన పేరిట చాలా కథలు ప్రచారంలో ఉన్నాయి. ఒకడు తన సొమ్మును ఒక చెట్టు దగ్గర మరొకడికి దాచిపెట్టమని ఇచ్చానంటాడు. రెండోవాడు తనకా సంగతే తెలియదంటాడు. ఖాజీ మొదటివాణ్ణి ఆ చెట్టు దగ్గరికి వెళ్లి రమ్మని పంపి, తాను వేరే పనిలో ఉన్నట్టు కాసేపు ఊరుకుని, “ఈపాటికి అతను చెట్టు దగ్గరికి చేరి ఉంటాడంటావా?” అని రెండోవాణ్ణి మాటవరసకు అడుగుతాడు. “ఇంకా చేరి ఉండడు” అని వాడు నోరు జారగానే తగవు తీరిపోతుంది. తొమ్మిదో శతాబ్దపు కవి అబూ తమ్మామ్ తన ప్రభువును పొగుడుతూ అమ్ర్ తెగువను, హాతిమ్ దాతృత్వాన్ని, అహ్నఫ్ సహనాన్ని చెప్పి, తెలివికి వచ్చేసరికి ఇయాస్‌నే తలచుకున్నాడు. కర్ణుడు అనగానే మనకు దానం గుర్తుకు వస్తుంది కదా అని ‘కర్ణ’ అన్న మాటకు దాత అని నిఘంటువులో అర్థం రాస్తే ఎలా ఉంటుందో, ఈ నివేదిక చేసిన పనీ అలాగే ఉంది. విచిత్రమేమిటంటే, ఆ ఖాజీ పేరు నివేదిక చివరి పేజీలో ‘ప్రసిద్ధులు’ అన్న శీర్షిక కింద ఒక్క వరుసలో ఉంది. రెంటికీ ఉన్న సంబంధాన్ని రాసినవారే గమనించలేదు.

మూడోదైన ‘బహుమతి’ మాత్రం నిజానికి దగ్గరగా ఉంది, కానీ దానికి వివరణ లేదు. ఈ పేరుకు ధాతువు హంజా, వావ్, సీన్ అనే మూడు అక్షరాలు. ఇవ్వడం, పోయినదానికి బదులుగా ఇవ్వడం అన్నవి ఆ ధాతువు అర్థాలు. మదీనాలోని ప్రసిద్ధమైన ఔస్ తెగ పేరు కూడా ఇందులోనిదే. ‘ఇ’కారం తర్వాత వచ్చిన వావ్ ‘య’గా మారడం వల్ల ఇయాస్ అన్న రూపం ఏర్పడింది; ఉపవాసాన్ని సౌమ్ అనీ, సియామ్ అనీ అనడంలో జరిగే మార్పు ఇదే. ఇంట్లో ఒక బిడ్డ పోయాక పుట్టిన బిడ్డకో, చాలాకాలం ఎదురుచూశాక పుట్టిన బిడ్డకో ఇంతకన్నా అందమైన పేరు ఉంటుందా అని నాకు అనిపించింది. రుసుము తీసుకున్న నివేదిక ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే చాలు.

పెద్దాయన సందేహానికి కూడా నివేదికలో జవాబు దొరకలేదు. అది పూర్తిగా నిరాధారమైన సందేహం కాదు. ‘యఅస్’ అంటే అరబ్బీలో నిరాశే. అదే భావానికి అక్షరాలు తారుమారైన ‘అయిస’ అన్న క్రియ కూడా ఉంది కాబట్టి, చూడగానే ఇయాస్ దాని నుంచి పుట్టిందేమో అనుకోవడం సహజం. 1290లో పూర్తయిన లిసాన్ అల్ అరబ్ నిఘంటువు ఈ అనుమానాన్ని ఎత్తుకుని మరీ కొట్టివేసింది. మనిషి పేరుగా ఉన్న ఇయాస్ ఆ మాట నుంచి రాలేదనీ, ‘బదులు’ అన్న అర్థమిచ్చే ఔస్ నుంచి వచ్చిందనీ, ‘అతియ్యా’ అంటే కానుక అని పేరు పెట్టుకున్నట్టే శుభం కోరి ఇదీ పెట్టుకున్నారనీ అందులో ఉంది. పెద్దాయనకు ఆ భాగాన్ని చదివి వినిపించాక ఆయన మనసు కుదుటపడింది.

ప్రజాదరణ విభాగంలో ఐదుకు నాలుగు నక్షత్రాలు వేసి ఊరుకున్నారు. ఏ దేశంలో, ఏ సంవత్సరంలో, ఎవరి లెక్క ప్రకారమో ఎక్కడా లేదు. అరుదైన పేరుకు ఇలాంటి లెక్క కట్టడం ఎంత కష్టమో తెలిసినవారు నక్షత్రాలతో సరిపెట్టరు. అమెరికా సామాజిక భద్రతా సంస్థ తన జాబితాలో ఒక ఏడాదిలో కనీసం 5 మంది పిల్లలకు పెట్టిన పేర్లనే చూపుతుంది. ఇంగ్లండు, వేల్స్‌ల గణాంక కార్యాలయం 3 దగ్గర గీత గీస్తుంది. ఇంగ్లీషులో ఈ పేరును ‘ఐ’తోనూ రాస్తారు, ‘ఈ’తోనూ రాస్తారు, మధ్యలో ‘ఏ’ను రెండుసార్లూ రాస్తారు. ఒకే పేరు మూడు ముక్కలై, ఒక్కో ముక్కా ఆ గీతకు కింద మిగిలిపోయే అవకాశం ఉంది. చరిత్రలో చూస్తే ఈ పేరు అంత అరుదేమీ కాదు. 7వ శతాబ్దం ఆరంభంలో హీరా నగరాన్ని ఏలిన ఇయాస్ ఇబ్న్ ఖబీసా, కూఫా కవి ముతీ ఇబ్న్ ఇయాస్, 1517లో ఈజిప్టును ఒట్టోమన్లు గెలుచుకోవడాన్ని కళ్లారా చూసి రాసిన చరిత్రకారుడు ఇబ్న్ ఇయాస్ ఇందుకు సాక్ష్యం. సిరియా, జోర్డాన్, పాలస్తీనాలలో ఇప్పటికీ వినిపిస్తుంది. వీటిలో ఒక్కటీ నివేదికలో లేదు.

మిగిలిన పేజీలను అదృష్ట సంఖ్యకు, రంగుకు, రాయికి కేటాయించారు. సంఖ్యను ఇంగ్లీషు అక్షరాలతో కట్టినందువల్ల ‘ఐ’తో రాస్తే 9, ‘ఈ’తో రాస్తే 5, ‘ఏ’ను రెండుసార్లు రాస్తే 1 వచ్చాయి. పేరు ఒక్కటే, పిల్లవాడూ ఒక్కడే. అరబ్బీ అక్షరాలకే సొంతంగా, ఒక్కో అక్షరానికి ఒక్కో విలువ కట్టే అబ్జద్ లెక్క ఉంది. అందులో 1, 10, 1, 60 కలిపి 72 అవుతుంది, స్పెల్లింగుతో మారదు. అలాంటి లెక్కల మీద నాకు నమ్మకం లేదు గాని, వేయదలచుకున్నవారు ఆ పేరు పుట్టిన లిపిలోనైనా వేయాలి కదా.

తప్పులన్నీ వివరంగా రాసి పంపితే, ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అన్న అచ్చు జవాబు వచ్చింది. రెండు వారాల తర్వాత చూస్తే ఖురాన్ గడిలోని టిక్కు తీసేశారు. అర్థాల వరుస మాత్రం అలాగే ఉంది. సొమ్ము వాపసు గురించి అడిగినదానికి జవాబే లేదు. అరబ్బీ లిపికి ఒక నక్షత్రం, ఉచ్చారణకు మరొకటి, మొత్తం ఐదుకు రెండు ఇస్తున్నాను. ఉచ్చారణ ఉచిత భాగంలోనే వినిపిస్తుంది కాబట్టి పూర్తి నివేదిక కొనవలసిన అవసరం లేదు. తమ్ముడు మాత్రం ఆ పేరే పెట్టాడు.