సెవరెన్స్: లిఫ్ట్ తలుపుకి అటూ ఇటూ ఒకే మనిషి

ఆపిల్ టీవీలో 2022లో వచ్చిన 'సెవరెన్స్' మొదటి సీజన్, 9 ఎపిసోడ్లూ అమలాపురంలో మా ఇంట్లో నాలుగు రాత్రుల్లో చూసేశాను. భార్య పోయిన బాధ తట్టుకోలేక మార్క్ మెదడులో చిప్ పెట్టించుకుంటాడు. ఆఫీసు లిఫ్ట్ దిగేలోపే ఇల్లు మర్చిపోతాడు, బయటికొస్తే ఆఫీసు మర్చిపోతాడు. బయటి మనిషికి కొన్ని గంటలు బాధ తప్పుతుంది. లోపలి మనిషికి మాత్రం నిద్ర తెలీదు, ఆదివారం తెలీదు. తలుపు మూసుకుని తెరుచుకుంటే మళ్ళీ అదే బల్ల. అదే ఆఫీసులో కొత్తగా చేరిన హెల్లీ మానేస్తానని ఎంత మొత్తుకున్నా, వీడియోలో కనిపించి ఒప్పుకోనని చెప్పేది బయట ఉన్న హెల్లీయే! ఆ వీడియో సీన్ దగ్గర ఆపేసి కాసేపు అరుగు మీద కూర్చుండిపోయాను.

మా నాన్న 11 ఏళ్ళు కువైట్‌లో డ్రైవరుగా చేశారు. సెలవుకొస్తే నవ్వుతూ చాక్లెట్లు పంచేవారు. అక్కడ ఎలా ఉండేవారో ఒక్కసారీ చెప్పలేదు. మా కొబ్బరితోట ఆ మనిషి సంపాదనే.

మొదటి రెండు ఎపిసోడ్లు నెమ్మది, ఓపిక పట్టండి. లిఫ్ట్‌లో మార్క్‌గా చేసిన ఆడమ్ స్కాట్ ముఖం మారే ఆ క్షణానికే చందా డబ్బులు ఇచ్చేయొచ్చు. నాన్నకీ చూపిస్తాను. పక్కన కూర్చుని డైలాగులు తెలుగులో చెబుతాను.