నటుడి కష్టాల కథ అనుకొని ఈ హిందీ చిత్రాన్ని అద్దెకు తీసుకోకండి

గత శనివారం రాత్రి ఆన్‌లైన్‌లో 149 రూపాయలు అద్దె కట్టి ఒక హిందీ చిత్రాన్ని ఇంట్లో చూశాము. అవకాశాల కోసం ముంబయిలో ఏళ్ల తరబడి తిరిగే యువ నటుడి జీవితమని దాన్ని ప్రచారం చేశారు. పేరు రాయడం లేదు గాని, పోల్చుకోవడానికి ఆనవాళ్లు చెబుతాను: పోస్టరు మీద కథానాయకుడు వానలో తడుస్తూ ఒక పెద్ద హోర్డింగు వైపు తలెత్తి చూస్తుంటాడు, ట్రైలరు దాదాపుగా ఆడిషన్ గదుల్లోనే నడుస్తుంది. అసలు చిత్రంలో ఆ గదులు కనిపించేది ఒక్క పాటలో మాత్రమే. పాట ముగిసేసరికి నిర్మాత కూతురు అతణ్ణి ఇష్టపడుతుంది, అక్కడి నుంచి చివరి వరకు అది ముగ్గురి మధ్య నడిచే ప్రేమకథ. ప్రేమకథ చూడాలనుకునేవారికి నేనేమీ అడ్డు చెప్పను. నటుడి కథ కోసం డబ్బు కట్టేవారికే ఈ హెచ్చరిక.

నన్ను ఎక్కువగా బాధించింది ఆ పాటలో ఎగరగొట్టేసిన జీవితమే. మా అన్నయ్య కొడుకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివి, ముంబయిలోని అంధేరీ వెస్టులో మరో ముగ్గురితో కలిసి ఒకే గదిలో రెండేళ్లు ఉన్నాడు. వెర్సోవాలోని ఆరామ్ నగర్‌లో పాత బంగళాలు నటులను ఎంపిక చేసే కాస్టింగ్ ఆఫీసులుగా మారాయని, పొద్దున్నే బయలుదేరి ఒక గేటు తర్వాత మరో గేటు తిరిగితే చాలాచోట్ల ముఖం చూసి తలుపు దగ్గరే ‘నాట్ ఫిట్’ అనేవారని చెప్పేవాడు. లోపలికి రానిచ్చినచోట కెమెరా ముందు పేరు, ఎత్తు చెప్పి, ముఖాన్ని ఎడమకూ కుడికీ తిప్పి చూపించి, చేతికిచ్చిన నాలుగు మాటలు చెప్పి వచ్చి, రాని ఫోను కోసం వారాల తరబడి ఎదురుచూసేవాడు. మాతో కలిసి చిత్రం చూస్తున్నవాడల్లా, సముద్రం కనిపించే బాల్కనీలో నిలబడి కథానాయకుడు అద్దె కట్టలేకపోతున్నానని ఏడ్చే దృశ్యం దగ్గర ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయాడు.

నవాజుద్దీన్ సిద్ధిఖీ 1999లో ‘సర్ఫరోష్’లో చిన్న వేషం వేసిన తర్వాత, 2012లో ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’తో దేశమంతా గుర్తించే నటుడు కావడానికి 13 ఏళ్లు పట్టింది. అంతటి ఎదురుచూపును ఈ చిత్రం గడ్డం పెంచడంతో, గడ్డం తీయడంతో సరిపెట్టింది. తల్లి పాత్ర వేసిన నటి మాత్రం, కొడుకు ఫోనులో చెబుతున్నది అబద్ధమని తెలిసీ నమ్మినట్టు మాట్లాడే ఒక్క సన్నివేశంలో గొప్పగా చేసింది. ఆమె ఉన్న సమయం పది నిమిషాలైనా లేదు.

ఇంతకంటే తీవ్రమైన అభ్యంతరం మరొకటి ఉంది. కథానాయకుడు వేషాలు ఇప్పించే మధ్యవర్తి అయిన ఒక కోఆర్డినేటరుకు రెండు లక్షలు ఇచ్చి మొదటి వేషం సంపాదిస్తాడు, ఆ కోఆర్డినేటరును చిత్రం ఒక ఉపకారిగా చూపిస్తుంది. నిజాయితీగా పనిచేసే కాస్టింగ్ డైరెక్టర్లు ఆడిషన్‌కు గాని, వేషానికి గాని నటుల దగ్గర డబ్బు తీసుకోరు. వారికి చెల్లించేది నిర్మాణ సంస్థ. హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకొని వేషాల కోసం తిరుగుతున్న మన పిల్లలు ఈ సన్నివేశం చూసి, ఇదే దారి కాబోలనుకొని ఇంట్లో అప్పు చేయించే ప్రమాదం ఉంది. సినిమాల్లోకి వెళ్లాలనుకునే పిల్లలున్న ఇళ్లలో దీన్ని చూడవలసి వస్తే, ఈ ఒక్క విషయం వారితో తప్పక మాట్లాడండి.

ఇక డబ్బు సంగతి. నేను తీసుకున్నచోట అద్దె కట్టాక చూడటం మొదలుపెట్టడానికి 30 రోజులు, మొదలుపెట్టాక ముగించడానికి 48 గంటలు గడువు ఉంది. ఒకసారి ప్లే చేస్తే సొమ్ము తిరిగి ఇవ్వరు. ఆ షరతు కట్టేముందు చిన్న అక్షరాల్లో కనిపించింది, నేను చదవలేదు. ఇలా అద్దెకు పెట్టే చిత్రాలు కొంతకాలానికి చందాదారులకు అదనపు రుసుము లేకుండా రావడం మామూలే కనుక, చూసి తీరాలనుకునేవారు అప్పటివరకు ఆగవచ్చు. తొందరపడి తీర్పు చెబుతున్నానేమోనన్న అనుమానంతో గడువు ముగిసేలోపు, ఆదివారం మధ్యాహ్నం, రెండో సగాన్ని ఒక్కణ్ణే కూర్చొని మళ్లీ చూశాను. నా అభిప్రాయం మారలేదు.