రాగి కోన్ల పేరుతో మైదా కోన్లు అంటగడుతున్నారు, గుంటూరు వాళ్ళు జాగ్రత్త

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మన ఊళ్ళో కేకు సామాను కొనేవాళ్ళకి ఆ షాపేదో చెప్పక్కర్లేదు, నేనూ పేరు రాయను. అక్కడ ఐస్‌క్రీమ్ వేసుకునే ఖాళీ కోన్లు, ముఖ్యంగా రాగి బొమ్మ ఉన్న బాక్సు కొన్నవాళ్ళు ముందు దాన్ని తిరగేసి చూడండి.

సెలవులకి మా చెల్లెలు వాళ్ళొచ్చారు. దాని కూతురికి సీలియాక్. గోధుమ, మైదా, బార్లీ ఏది లోపలికి పోయినా పేగు దెబ్బతింటుంది. ఐస్‌క్రీమ్ పార్లర్‌కి వెళితే మిగతా పిల్లలంతా కోన్లు చప్పరిస్తుంటే అదొక్కతే కప్పు, చెంచా పట్టుకుని కూర్చుంటుంది. అందుకని గేదెపాలు మరగబెట్టి, నూజివీడు రసాల గుజ్జు కలిపి ఇంట్లోనే చేశా. ఇక కావాల్సింది కోన్లే.

షాపులో ఓనరే ఉన్నాడు. "ఇందులో మైదా కలుస్తుందా బాబూ? పాపకి గోధుమ పడదు" అని విడమరిచి చెప్పా. "ప్యూర్ రాగి మేడమ్, షుగర్ పేషెంట్లు కూడా పట్టుకెళుతున్నారు" అన్నాడు. వెనక్కి తిప్పితే సరుకుల వివరం ఉండాల్సిన చోట సరిగ్గా వాళ్ళ ధర స్టిక్కరు. కింద ఏం రాసుందని అడిగితే "రాగే మేడమ్, ఇంకేం రాస్తారు" అని బిల్లు చేతిలో పెట్టాడు.

"పెద్దమ్మా, నేను కూడా కోన్ తినొచ్చా?" అని అది రెండుసార్లు అడిగి మరీ తిన్నది. రాత్రి కడుపునొప్పి, వాంతులు. చెల్లి నన్ను ఒక్క మాటా అనలేదు, అంటే బాగుండేది.

మా ఆయన కొబ్బరినూనె రాసి స్టిక్కరు నెమ్మదిగా పీకారు. మొదటి పదార్థం శుద్ధి చేసిన గోధుమ పిండి, అంటే మైదా. తర్వాత పంచదార. తర్వాత పామ్ నూనె. ఆ తర్వాత వచ్చింది మన రాగి, 6 శాతం! దాని వెనక సోయా లెసిథిన్, ఉప్పు, 150డి రంగు. చివర లావు అక్షరాల్లో "గోధుమ, సోయా ఉన్నాయి" అని ఉంది. తయారు చేసినవాడు రాయాల్సింది రాశాడు. దాని మీద స్టిక్కరేసి మూసింది ఈ మహానుభావుడు.

పొద్దున్నే షాపు తెరవగానే బాక్సు పట్టుకుని వెళ్ళా. డబ్బులు కూడా అడగలేదండీ, ఎందుకు అబద్ధం చెప్పావని అడిగా. ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఓపెన్ చేసినవి రిటర్న్ లేదు" అన్నాడు. పాప సంగతి చెప్పా. అప్పుడు తలెత్తి, పది మంది వింటుండగా, "మీ ఇళ్ళల్లో జబ్బులకి మేమా మేడమ్ పూచీ? చదువుకున్నవాళ్ళే కదా, చదివి కొనుక్కోవాలి" అన్నాడు. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. స్టిక్కరు కింద అక్షరాలు చదివే విద్య మా బడిలో నేర్పలేదు మరి! "అది వేసింది నువ్వే కదా" అంటే, "అడ్డొస్తే పీక్కోవచ్చుగా, ఎవరొద్దన్నారు" అట. కొనకముందు పీకితే ఊరుకునేవాడా?

ఆ మాట ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది.

షుగర్ ఉన్నవాళ్ళకీ ఒక మాట. రాగి పేరున్నా, ముదురు రంగున్నా నమ్మి తినొద్దు. ఆ రంగు పంచదార కాలి వస్తుంది, లేదంటే 150 వరస క్యారమెల్ రంగు. ఇలాంటి కోన్లు 100 గ్రాములకి 400 కెలోరీల పైమాటే, ఎందుకంటే వాటిలో నీళ్ళుండవు, ఉన్నదంతా పిండీ పంచదారా. అడుగు చదునుగా ఉండే పల్చటి కోను ఒకటి నాలుగు గ్రాములే తూగుతుంది కాబట్టి పెద్ద లెక్కలోకి రాదు. చుట్టలా చుట్టిన పంచదార కోను పది గ్రాములు, అంటే ఒక్కోటీ 40 కెలోరీల దాకా, పైన ఐస్‌క్రీమ్ కాకుండానే. ఫ్రీజర్లో దొరికే రెడీమేడ్ కోన్లూ మామూలుగా మైదావే. లోపల పూసే చాక్లెట్ పూత కోను మెత్తబడకుండా వేసేది. అట్ట మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అందులో పాల కొవ్వు బదులు, లేదా దానితో పాటు, వంటనూనె కొవ్వు ఉన్నట్టే.

సరే, జాగ్రత్తలంటారా. పదార్థాల్లో ఏది ఎక్కువుంటే అదే ముందు రాస్తారు, కాబట్టి అసలు సరుకేదో తెలియడానికి మొదటి రెండు పేర్లు చూస్తే చాలు, పడనిది ఉందేమో చూడాలంటే మాత్రం చివరిదాకా చదవాలి. పేరులోనే రాగి అని పెట్టుకుంటే ఎంత శాతం ఉందో కూడా రాయాలి. గోధుమ పడనివాళ్ళు గ్లూటెన్ ఫ్రీ అని అచ్చేసి ఉంటేనే కొనండి. వివరాల మీద స్టిక్కరుంటే ఇంకో బాక్సు అడగండి, అన్నిటికీ అంతే ఉంటే వదిలేసి వచ్చేయండి. బిల్లు పారెయ్యకండి. వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915.

పాప ఇప్పుడు మజ్జిగన్నం తింటోంది, తేరుకుంది. బాక్సు, పీకిన స్టిక్కరు, బిల్లు నా దగ్గరే ఉన్నాయి. మీలో ఎవరి దగ్గరైనా ఆ రాగి కోన్ల బాక్సుంటే, వెనక స్టిక్కరు ఉన్నప్పుడొకటి, పీకాక ఒకటి ఫోటోలు తీసి పెట్టండి. నా ఫిర్యాదుకి జత చేస్తా.